డయాలసిస్ బెడ్ మీది భయం ఎవరి లెక్కలో ఉంది?

ప్రభుత్వ ఆసుపత్రి డయాలసిస్ కేంద్రంలో ఒక మనిషి నాలుగు గంటలు పడుకుంటే ఆ నాలుగు గంటల్లో చాలా కొలతలు రాస్తారు. వచ్చినప్పుడు బరువెంత, వెళ్లేటప్పుడు ఎంత, బీపీ ఎంత, ఒంట్లోంచి ఎంత నీరు తీశారు, రక్తం ఎంత వేగంతో యంత్రంలోకి పోయింది, హెపారిన్ ఎంత ఇచ్చారు. అప్పుడప్పుడూ హిమోగ్లోబిన్, పొటాషియం, క్రియాటినిన్. ఇన్ని కొలిచే చోట ఒక్క విషయం మాత్రం ఎవరూ అడగరు. ఈ మనిషికి రాత్రి నిద్ర పడుతోందా? సూది గుచ్చే ముందు వణుకు వస్తోందా? వచ్చే వారం ఇక్కడికి ఎలా చేరతానోనని గుండె దడదడలాడుతోందా?

2016-17 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల దాకా యంత్రాలను తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అంతకు ముందే పేదలకు డయాలసిస్ తలుపు తెరిచింది. ఇది చిన్న విషయం కాదు. ఒకప్పుడు కిడ్నీలు చెడిపోతే కూలి కుటుంబం ముందు రెండే దారులు ఉండేవి. ఉన్న భూమి అమ్ముకోవడం, లేదా చావు కోసం ఎదురుచూడటం. అమ్ముకోవడానికి గుంట నేల కూడా లేని దళిత కుటుంబానికి రెండో దారే మిగిలేది. ఇప్పుడు ప్రాణం నిలుస్తోంది. కానీ నిలిచిన ఆ ప్రాణం ఎలా బతుకుతోందన్న ప్రశ్న ప్రభుత్వాల ప్రకటనల్లో వినపడదు. ఎన్ని కేంద్రాలు, ఎంతమంది రోగులు, ఎన్ని లక్షల సెషన్లు అన్న దగ్గరే లెక్క ఆగిపోతుంది.

మేము చెప్పదలచుకున్నది ఇది: డయాలసిస్ రోగుల్లో ఆందోళనను క్రమం తప్పకుండా అడిగి తెలుసుకోవాలి. అయితే ఆ అడగడం రోగి తలలో ఏముందో చూడటంతోనే ఆగిపోతే, ఆ భయాన్ని పుట్టించిన పరిస్థితులన్నీ తప్పించుకుంటాయి. స్క్రీనింగ్ కావాలని కొట్లాడాల్సిందే. ఎలాంటి స్క్రీనింగ్ అన్నదాని మీద అంతకంటే గట్టిగా కొట్లాడాలి.

7 ప్రశ్నలు, 21 మార్కులు

స్క్రీనింగ్ అంటే జబ్బు నిర్ధారణ కాదు. అది జల్లెడ పట్టడం లాంటిది. జల్లెడలో మిగిలినదంతా రాయి కాదు, కిందికి జారినదంతా మంచి బియ్యమూ కాదు. మిగిలినదాన్ని మళ్లీ చేత్తో ఏరి చూడాలి.

ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా వాడే జల్లెడల్లో ఒకటి జీఏడీ-7. ఇది 2006లో వచ్చింది. గత రెండు వారాల్లో గుబులు, ఆపుకోలేని ఆలోచనలు, కుదురుగా కూర్చోలేకపోవడం, చిరాకు, ఏదో ఘోరం జరగబోతోందన్న భయం లాంటివి ఎన్ని రోజులు ఉన్నాయని 7 ప్రశ్నలు అడుగుతారు. ఒక్కో జవాబుకు 0 నుంచి 3 మార్కులు. మొత్తం 21. సాధారణంగా 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వివరంగా పరీక్షించాలంటారు. ఇంకొకటి 1983లో తయారైన హెచ్‌ఏడీఎస్. ఆసుపత్రికి వచ్చే రోగుల కోసమే దాన్ని రూపొందించారు. 14 ప్రశ్నల్లో సగం ఆందోళనకు, సగం కుంగుబాటుకు. ఒంటి జబ్బు వల్ల కూడా వచ్చే లక్షణాలను వీలైనంత పక్కన పెట్టడం దాని ప్రత్యేకత.

ఈ జల్లెడలతో కిడ్నీ రోగులను చూస్తే ఏం తేలింది? దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల మీద అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2021లో వెలువడింది. ప్రశ్నావళితో కొలిచినప్పుడు 43 శాతం మందిలో ఆందోళన లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. నిర్ధారణ ప్రమాణాలతో చూసినప్పుడు ఆందోళన రుగ్మత ఉన్నవాళ్లు 19 శాతం. కుంగుబాటు విషయంలోనూ ఇదే తేడా. డయాలసిస్ రోగుల మీద 2013లో వచ్చిన సమీక్ష ప్రకారం ప్రశ్నావళితో దాదాపు 39 శాతం, ఇంటర్వ్యూతో దాదాపు 23 శాతం.

ఈ తేడాను చూసి కొందరు ప్రశ్నావళి జబ్బును పెంచి చూపిస్తోందంటారు. అందులో కొంత నిజముంది. అయితే 43కీ 19కీ మధ్య ఉన్న మనుషులు హాయిగా ఉన్నారని దాని అర్థం కాదు. వాళ్లకు మానసిక రుగ్మత అనే పేరు సరిపోకపోవచ్చు. బాధ మాత్రం ఉంది. ఆ బాధకు వేరే పేరు వెతకాలి. ఆ పేరు పేదరికం కావచ్చు, కులం కావచ్చు, కేంద్రం దూరం కావచ్చు.

జల్లెడ రెండో వైపు కూడా తప్పుతుంది. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, ఎక్కువగా నల్లజాతివారు చికిత్స పొందే ఒక కేంద్రంలో 70 మంది డయాలసిస్ రోగులతో నేరుగా మాట్లాడి చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. వాళ్లలో దాదాపు 46 శాతం మందికి ఏదో ఒక ఆందోళన రుగ్మత ఉన్నట్టు తేలింది. హెచ్‌ఏడీఎస్ మార్కులు మాత్రం ఎవరికి ఆ రుగ్మత ఉందో నమ్మకంగా పట్టివ్వలేకపోయాయి. ఒకరి అనుభవం నుంచి తయారైన ప్రశ్నలు మరొకరి భయాన్ని అందుకోలేకపోవచ్చన్న హెచ్చరికగా దాన్ని మేము చదువుతున్నాం.

ఊపిరి ఆడకపోవడం భయం వల్లా, నీటి వల్లా?

డయాలసిస్ రోగిలో ఆందోళనను గుర్తించడం కష్టం కావడానికి ఇంకో కారణం శరీరమే. రెండు సెషన్ల మధ్య ఒంట్లో నీరు చేరితే ఊపిరి ఆడదు, వెల్లకిలా పడుకోలేరు. యంత్రం మీద ఉండగా బీపీ పడిపోతే చెమటలు, కళ్లు తిరగడం, గుండె దడ. రక్తహీనత ఉంటే నాలుగడుగులు వేస్తేనే ఆయాసం. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. దురద, కాళ్ల లాగుడు రాత్రి నిద్రను చంపేస్తాయి. ఇవన్నీ బయటికి ఆందోళన లాగే కనిపిస్తాయి.

దీనివల్ల రెండు ప్రమాదాలు. మొదటిది, కిడ్నీ జబ్బు లక్షణాలను మానసిక సమస్యగా లెక్కగట్టడం. రెండోది ఇంకా ప్రమాదకరం. "నీకేం కాలేదు, టెన్షన్ పడుతున్నావు" అని చెప్పి నిజమైన ప్రాణాపాయాన్ని కొట్టిపారేయడం. ఈ మాట ఎవరికి ఎక్కువగా వినపడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఎదురు ప్రశ్న వేయలేనివాళ్లకు, ఆడవాళ్లకు, చదువు లేనివాళ్లకు, డాక్టరు ముందు కుర్చీలో కూర్చోవడానికి కూడా సంకోచించేలా పెంచబడ్డ మనుషులకు. చేతిలో ఆందోళన స్కోరు ఉంటే ఆ కొట్టిపారేయడానికి శాస్త్రం ముద్ర కూడా దొరుకుతుంది.

అందుకే వరుస ముఖ్యం. ముందు ఒళ్లు చూడాలి. నీరు తీసేశాక ఉండాల్సిన బరువు సరిగా లెక్కగట్టారా, హిమోగ్లోబిన్ ఎంత ఉంది, సెషన్లు తప్పిపోతున్నాయా, ఫిస్టులా బాగుందా అన్నవి తేలాలి. ఆ తర్వాత మనసు గురించి అడగాలి. మనసు గురించి తేలినా ఒంటి గురించిన ఫిర్యాదు చెల్లకుండా పోకూడదు. ఆందోళన ఉన్న మనిషికి గుండెపోటు రాదని ఎక్కడా లేదు.

బుగులు, రంధి, బెంగ

ప్రశ్న ఏ భాషలో అడుగుతున్నామన్నది మరో సంగతి. ప్రశ్నావళిని తెలుగులోకి మార్చితే సరిపోతుందని అనుకుంటారు. ఏ తెలుగులోకి?

తెలంగాణ పల్లెల్లో భయాన్ని బుగులు అంటారు. లోపల లోపల తొలిచే దిగులును రంధి అంటారు. ఆంధ్ర ప్రాంతంలో బెంగ, గాబరా, కంగారు వినిపిస్తాయి. అన్ని చోట్లా తిరిగే మాట టెన్షన్. చాలామంది అసలు భయాన్ని మనసు మాటల్లో చెప్పరు. "గుండెలో బరువుగా ఉంది", "కడుపులో తిప్పుతోంది", "తల పనిచేస్తలేదు" అంటారు. ప్రామాణిక భాషలో అచ్చయిన కాగితం మీద "మీరు ఆందోళనకు లోనవుతున్నారా" అని ఉంటే, బడి ముఖం చూడని కూలీ ఏమనుకుంటాడు? మన తెలుగులో ఆందోళన అంటే ధర్నా కూడా. "మేం అలాంటివాటికి పోము సార్" అన్నా ఆశ్చర్యం లేదు.

ఒకే మాటకు ఈ రెండు అర్థాలు ఉండటం మనలాంటివాళ్లను ఆలోచనలో పడేయాలి. మనసులో కదిలేదీ ఆందోళనే, వీధిలో కదిలేదీ ఆందోళనే. మొదటిది ఒంటరిగా బెడ్ మీద పడి ఉంటుంది. పక్క బెడ్ మీది మనిషికీ అదే ఉందని తెలిసిన రోజున రెండోదానికి దారి దొరుకుతుంది. ఇంతకాలం ఎవరూ అడగకపోవడం వల్ల ఆ దారి మూసుకుపోయి ఉంది.

భయానికి చిరునామా ఉంది

ఏదో ఘోరం జరగబోతోందన్న భయం ఉందా అని అడిగే ప్రశ్నను డయాలసిస్ రోగి వైపు నుంచి చూద్దాం. రెండు సెషన్లు వరుసగా తప్పితే ప్రాణం పోవచ్చు. అది ఊహ కాదు, వైద్యం చెప్పిన మాటే. అటువంటి మనిషి బస్సు బంద్ అయితే భయపడతాడు, యంత్రం చెడిపోతే భయపడతాడు, కరెంటు పోతే భయపడతాడు, కేంద్రం నడిపే సంస్థకు బిల్లులు రాలేదని విన్నా భయపడతాడు. ఈ భయంలో అసహజమేమీ లేదు. ఇది పరిస్థితిని సరిగ్గా అర్థం చేసుకున్న మనిషి భయం.

కూలి లెక్క చూద్దాం. వారానికి మూడు సెషన్లు, ఒక్కోటి నాలుగు గంటలు అన్నది మామూలు పద్ధతి. మన దగ్గర చాలామందికి రెండే అందుతాయి. ఏడాదికి 104 నుంచి 156 రోజులు. తోడుగా ఒకరు రావాలి కాబట్టి ఇద్దరికీ కలిపి 208 నుంచి 312 పనిదినాలు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి ఇస్తానన్నది 100 రోజుల పని. డయాలసిస్ ఒక్కటే అంతకు రెండు మూడు రెట్ల రోజులు పట్టుకుపోతుంది. చికిత్స ఉచితమే కావచ్చు. పోయిన కూలికి బిల్లు ఎవరు కడతారు?

ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. తెలంగాణలో ఆసరా పింఛనును డయాలసిస్ రోగులకు విస్తరించారు. అది 2,016 రూపాయలు. ఒకే జబ్బు, ఒకే యంత్రం, ఒకే భాష. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉన్నందుకు నెలకు దాదాపు 8,000 రూపాయల తేడా. రెండు వైపులా 7 ప్రశ్నలూ అడిగి మార్కులు వేస్తే ఆ తేడా ఏ గడిలోనూ కనిపించదు. మహిళలకు ఆర్టీసీ ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఉచితమైంది. డయాలసిస్‌కు వెళ్లే ఆడవాళ్లకూ, తోడు వచ్చే ఆడవాళ్లకూ అది నిజమైన ఊరట. భయం తగ్గించే మందులు ఫార్మసీలో మాత్రమే దొరకవని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి తెలిసిందే. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస, మందస ప్రాంతాల్లో జరిగిన అధ్యయనాలు దాదాపు ప్రతి ఐదుగురు పెద్దవాళ్లలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు చూపించాయి. మత్స్యకారులు, కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే కూలీలు, చిన్న రైతులు దీనికి బలయ్యారు. ఎండలో చాకిరీ, నీళ్లు చాలకపోవడం, తాగునీటిలోని పదార్థాలు, పురుగుమందులు, ఒళ్లునొప్పుల మాత్రలు అంటూ అనేక అనుమానాలు ఉన్నాయి. ఒక్క కారణం అంటూ ఇప్పటికీ తేలలేదు. కారణం తెలియనప్పుడు తాగే ప్రతి గ్లాసు మీదా అనుమానమే. జబ్బు లేనివాళ్లు కూడా రక్తపరీక్ష కాగితం కోసం వణుకుతూ ఎదురుచూస్తారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం ప్రారంభించారు. దశాబ్దాల పోరాటం తర్వాత వచ్చిన నీళ్లు అవి. కొళాయి నీళ్లు వచ్చాక ఆ ఊళ్లలో భయం ఎంత తగ్గిందో కొలిచి ఉంటే, మానసిక ఆరోగ్యంలో తాగునీటి పాత్ర ఏమిటో ప్రపంచానికి ఉద్దానమే చెప్పేది.

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలోని లంబాడీ తండాలదీ ఇలాంటి కథే. అక్కడా కిడ్నీ జబ్బులు, అక్కడా మంచినీళ్ల కోసం ఏళ్ల తరబడి మొర. ఉద్దానం పేరు రాష్ట్రమంతా తెలుసు. తండాల పేర్లు ఎంతమందికి తెలుసు? బాధల్లో కూడా కొన్నిటికి గుర్తింపు ముందు వస్తుంది, కొన్నిటికి ఆలస్యంగా వస్తుంది. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోదు.

కులం ఏ గడిలో రాయాలి?

ఆశీష్ గుప్తా, డయాన్ కాఫీ అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం దళితులు, ముస్లింలు తమ మానసిక ఆరోగ్యం గురించి చెప్పిన విషయాలను ఆధిపత్య కులాల హిందువులు చెప్పినవాటితో పోల్చింది. దళితుల, ముస్లింల పరిస్థితి అధ్వానంగా ఉందని తేలింది. ఆస్తి, చదువు, ఖర్చు పెట్టే స్తోమత లాంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ అంతరం పోలేదు. అంటే పేదరికం ఒక్కటే కారణమని చెప్పి తప్పుకోవడానికి వీల్లేదు. కులం విడిగా మనసు మీద పనిచేస్తోంది.

డయాలసిస్ కేంద్రంలో ఇది ఎలా పనిచేస్తుంది? అక్కడ రక్తం బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతుంది. ఒకరి తర్వాత ఒకరు అదే యంత్రం కిందికి వస్తారు. పక్కపక్క బెడ్ల మీద, వారానికి రెండు మూడు రోజులు, ఏళ్ల తరబడి కలిసి పడుకుంటారు. ముట్టు, మైల అన్న పట్టింపులు ఉన్న సమాజంలో ఇది మామూలు ఏర్పాటు కాదు. కులం అడగకుండానే కులం తెలుసుకునే పద్ధతులు మనకు చాలా ఉన్నాయి. ఊరి పేరు చెప్పగానే "ఏ వీధి, ఏ పేట" అని అడుగుతారు. ఇంటి పేరు అడుగుతారు. ఆ ప్రశ్న తర్వాత తోటి రోగి తెచ్చిన ఇడ్లీ పంచుకోవాలా వద్దా అన్న ఆలోచన రెండు వైపులా మొదలవుతుంది. ఈ ఒత్తిడిని ఏ కొలమానమూ అడగదు.

ఇంకొకటి, అడిగేది ఎవరు? ఫారం పట్టుకుని వచ్చిన మనిషి ఏ కులమో, ఏ స్వరంతో మాట్లాడుతున్నాడో, ఆ జవాబు ఎవరి చేతికి పోతుందో అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. చుట్టూ పదిమంది వింటుండగా, యంత్రానికి కట్టేసి ఉన్న మనిషిని "మీకు భయంగా ఉందా" అంటే "ఏం లేదు సార్, బాగానే ఉన్నా" అంటాడు. మనసు బాగాలేదని రాస్తే పింఛను ఆపేస్తారేమో, మార్పిడి జాబితాలోంచి పేరు తీసేస్తారేమో, షిఫ్టు మారుస్తారేమో అన్న లెక్క ఆ జవాబులో ఉంటుంది. ఆ లెక్కను అమాయకత్వం అనలేం. ప్రభుత్వ కాగితాలతో తరతరాల అనుభవం నేర్పిన జాగ్రత్త అది.

మరి డయాలసిస్ రోగుల్లో దళితులు ఎంతమంది, వాళ్లలో సెషన్లు ఎక్కువగా తప్పేది ఎవరికి, చేతికి ఫిస్టులా లేకుండా మెడలో పైపుతోనే నెలల తరబడి నెట్టుకొచ్చేది ఎవరు? ఈ లెక్క వేసి బయట పెట్టమని మనం అడగాలి. లెక్క లేనిచోట వివక్ష లేదని చెప్పడం సులువు.

మందుబిళ్లతో ముగిస్తారా?

ఉద్యమ మిత్రుల్లో కొందరికి స్క్రీనింగ్ అనే మాటే నచ్చదు. వ్యవస్థ పెట్టిన బాధను వ్యక్తి జబ్బుగా మార్చి, ఒక మాత్ర రాసి పంపించేస్తారన్నది వాళ్ల అభ్యంతరం. ఆ భయానికి ఆధారం ఉంది. అల్ప్రాజోలం మన పల్లెలకు కొత్త కాదు. తెలంగాణలో కల్తీ కల్లు దాకా పాకిన మందు అది. నిద్ర పట్టట్లేదంటే అలాంటి మాత్ర చేతిలో పెట్టడం సులువు. కిడ్నీలు పనిచేయని మనిషికి మత్తు మందులతో పడిపోవడం, ఊపిరి మందగించడం లాంటి ముప్పులు ఎక్కువ. సరైన మందు, సరైన మోతాదు డాక్టరు చూసి ఇవ్వాల్సిందే.

అయినా అడగొద్దన్న వాదనతో మేము ఏకీభవించలేం. సూదంటే విపరీతమైన భయం, మూసిన గదిలో ఊపిరాడనట్టు వచ్చే భయ దాడులు, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన, వీటితో బతుకుతున్న మనిషి వ్యవస్థ మారేదాకా ఆగలేడు. అలాంటి భయంతో సెషన్లు ఎగ్గొట్టే మనిషి ప్రాణమే పోతుంది. మానసిక వైద్యం డబ్బున్నవాళ్లకు హక్కుగా, పేదలకు అనుమానాస్పదంగా ఉండాలనడం ఏ న్యాయం? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వివిధ మానసిక రుగ్మతలకు చికిత్స అందనివాళ్లు 70 నుంచి 92 శాతం. ఆ అందనివాళ్లలో మనవాళ్లు ముందుంటారు.

చట్టం మన వైపు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అంటోంది. వివక్ష ఉండకూడదని చెబుతూ కులం అనే మాటను స్పష్టంగా రాసింది. పీపీపీ కేంద్రాల్లో యంత్రం ప్రైవేటుదే కావచ్చు, డబ్బు ప్రజలది. కాబట్టి ఈ హక్కు అక్కడ కూడా అడగొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది, కిడ్నీ వైఫల్యం మాత్రం లేదు. వారానికి మూడు రోజులు యంత్రానికి కట్టుబడ్డ మనిషిని చట్టం వికలాంగుడిగా గుర్తించట్లేదు. ఇది విడిగా కొట్లాడాల్సిన విషయం.

అడిగాక ఏం చేయాలి?

అడిగి వదిలేయడం అడగకపోవడం కంటే అన్యాయం. మరి వనరులు ఎక్కడివి అంటారు. రెండు అనుభవాలు చూద్దాం.

గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చేవాళ్లలో కుంగుబాటు, ఆందోళన ఉన్నవాళ్లకు, శిక్షణ పొందిన మామూలు స్థానికులే కౌన్సెలింగ్ చేసిన ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. ప్రభుత్వ కేంద్రాల్లో కోలుకున్నవాళ్లు పెరిగారు. ప్రైవేటు డాక్టర్ల దగ్గర అలాంటి మేలు కనిపించలేదు. అంటే సైకియాట్రిస్టు లేడని చేతులు ఎత్తేయనక్కర్లేదు. రెండోది అమెరికాలో 2019లో ఫలితాలు వచ్చిన అధ్యయనం. అది కుంగుబాటు గురించినది. అందులో కొందరు రోగులకు డయాలసిస్ కుర్చీలో ఉండగానే మాటల చికిత్స ఇచ్చారు, కొందరికి మందు ఇచ్చారు. 12 వారాల తర్వాత మందు తీసుకున్నవాళ్లలో లక్షణాలు కాస్త ఎక్కువ తగ్గాయి, దుష్ప్రభావాలు కూడా ఎక్కువగానే వచ్చాయి. మనం గమనించాల్సింది, కుర్చీలో గడిచే ఆ నాలుగు గంటలను వాడుకోవచ్చని తేలడం. అమెరికాలో ప్రతి డయాలసిస్ కేంద్రంలోనూ సోషల్ వర్కర్ ఉండాలన్న నిబంధన ఉంది. మన కేంద్రాల్లో అటువంటి పోస్టు మామూలుగా కనిపించదు.

ఈ అనుభవాల ఆధారంగా మేము కోరుతున్నవి ఇవి.

ఒకటి, డయాలసిస్ మొదలైన మొదటి మూడు నెలల్లో ఒకసారి, ఆ తర్వాత కనీసం ఆరు నెలలకోసారి ప్రతి రోగినీ ఆందోళన, కుంగుబాటు గురించి అడగాలి. శరీర పరీక్షల తర్వాతే అడగాలి, విడిగా అడగాలి, వాళ్ల మాటల్లో అడగాలి. బుగులు, రంధి, బెంగ అనే మాటలతో ప్రశ్నలు తయారు చేసి, మన రోగుల మీదే పరీక్షించి వాడాలి.

రెండు, మనసు ప్రశ్నల పక్కనే బతుకు ప్రశ్నలు ఉండాలి. గత నెలలో ఎన్ని సెషన్లు తప్పాయి, ఎందుకు? రానుపోను ఖర్చెంత? పింఛను వచ్చిందా? తోడు ఎవరు వస్తున్నారు, వాళ్ల కూలి పోతోందా? ఇక్కడ ఎవరైనా తక్కువగా చూశారా? ఈ జవాబులు కూడా కేస్ షీట్‌లో ఉండాలి. వాటి మీద చర్య తీసుకునే అధికారి ఎవరో తెలియాలి.

మూడు, ప్రతి కేంద్రానికీ ఒక సోషల్ వర్కర్ కావాలి. ఆ ఉద్యోగాల్లో రిజర్వేషన్లు అమలు కావాలి. రోగుల పేటల నుంచి, తండాల నుంచి వచ్చిన చదువుకున్న యువతులు ఈ పని బాగా చేయగలరు. కాంట్రాక్టు కూలీలుగా కాదు, నెల జీతం ఉన్న ఉద్యోగులుగా.

నాలుగు, అడిగిన జవాబు పింఛనుకు గానీ, మార్పిడి అవకాశానికి గానీ, సెషన్లకు గానీ అడ్డం కాదని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. చచ్చిపోవాలని ఉందని చెప్పినవాళ్లను అదే రోజు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు చూడాలి. టెలీ మానస్ నంబరు 14416 ప్రతి బెడ్ దగ్గరా పెద్ద అక్షరాలతో తెలుగులో ఉండాలి. ఆ నంబరుకు ఎప్పుడైనా, ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఐదు, కులం, లింగం వారీగా లెక్కలు పేర్లు లేకుండా బయట పెట్టాలి.

విద్యార్థి మిత్రులు రేపే మొదలుపెట్టగల పని ఒకటుంది. మీ జిల్లా ఆసుపత్రి డయాలసిస్ కేంద్రాన్ని ప్రైవేటు సంస్థ నడుపుతుంటే, ఆ ఒప్పందం ప్రతి కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. అందులో ఎన్ని యంత్రాలు, ఎంతమంది టెక్నీషియన్లు ఉండాలో రాసి ఉంటుంది. రోగితో కూర్చుని మాట్లాడే మనిషి గురించి ఒక్క వాక్యం ఉందేమో వెతకండి. గత ఏడాది ఎన్ని సెషన్లు తప్పాయో, ఎంతమంది రోగులు మధ్యలో రావడం మానేశారో, అలా మానేసినవాళ్ల ఇంటికి ఎవరైనా వెళ్లారో అడగండి. మానేసినవాళ్ల జాబితా దగ్గరే అసలు పని మొదలవుతుంది.